పాలంలో 'మనం' ఎవరు? - లింబు సంవాద గేయాల సేకరణ, అనువాదం: ఒక పరిశీలన

తూర్పు నేపాల్‌లోని తాప్లేజుంగ్, పాంచ్‌థర్, తేహ్రథుమ్, ఇలామ్ జిల్లాల్లోను, మన దేశంలో సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతాల్లోను నివసించే లింబులు తమను 'యాక్‌థుంగ్' అని చెప్పుకుంటారు. వీరి మౌఖిక వాఙ్మయంపై జరిగిన కృషి చాలావరకు 'ముంధుమ్' చుట్టూ తిరిగింది. సృష్టి కథలను, వంశ వృత్తాంతాలను, కర్మకాండను కలుపుకొని ఫెదాంగ్మా, సంబా వంటి పురోహిత గాయకులు వల్లించే బృహత్సంప్రదాయమది. ఇమాన్ సింగ్ చెమ్జోంగ్, ఆ తరువాత బైరాగి కాయ్లా చేసిన సేకరణల వల్ల అది గ్రంథరూపంలోకి వచ్చింది. ఆ సేకరణల విలువ నిస్సందేహమైనది. అయితే ముంధుమ్‌ను పాఠంగా స్థిరపరచిన పద్ధతినే 'పాలం' అనే సంవాద గేయానికి కూడా వర్తింపజేస్తే గేయంలోని ప్రధానాంశం జారిపోతుంది.

పాలం యా-లాంగ్ నృత్యంతో కలిసి సాగుతుంది. 'యా' అంటే వడ్లు. 'లాంగ్' అంటే కాలు, అడుగు. కళ్లంలో పనలను కాళ్లతో తొక్కి గింజ రాల్చే నూర్పిడి పనితో ఈ నృత్యానికి సంబంధం ఉంది. స్త్రీపురుషులు చేతులు పట్టుకొని వరుసగా నిలిచి, నెమ్మదిగా అడుగు వేస్తూ పాడతారు. వాద్యం ఉండదు. మెడలో పెద్ద డోలు వేసుకొని ఆడే కే-లాంగ్‌తో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది: అక్కడ నడక డోలుది, ఇక్కడ నడక మాటది. ఒకరు పాడితే రెండవ పక్షం బదులివ్వాలి. సంవాదం రాత్రంతా సాగవచ్చు. అన్నింటికంటే ముఖ్యమైన నియమం మరొకటి ఉంది. ఒకే వంశానికి చెందినవారు, వివాహ నిషేధం గల బంధువులు ఇలా చేతులు కలపరాదు. కాబట్టి తొలి చరణం ఎత్తుకోకముందే ఎదుటివారి వంశం తెలియాలి. లింబు భాషలో 'పాన్' అంటే మాట, 'లామ్' అంటే దారి. 'పాలం' పేరును ఈ రెండింటితో ముడిపెట్టవచ్చునా అన్నది భాషావేత్తలు తేల్చవలసిన విషయం. గేయ స్వభావానికి మాత్రం ఆ ఊహ చక్కగా సరిపోతుంది.

దీన్ని శ్రమ గేయం అనాలా, శృంగార గేయం అనాలా? తెలుగు జానపద గేయ పరిశోధనలో స్థిరపడిన వస్తుపరమైన వర్గీకరణ ఇక్కడ ఆట్టే సాయపడదు. నూర్పిడి అడుగు అలాగే ఉంది. కానీ పాట సంతలకు, పెళ్లిళ్లకు చేరి చాలా కాలమైంది. రెక్స్ జోన్స్, షర్లీ కుర్జ్ జోన్స్ 1976లో వెలువరించిన గ్రంథం లింబు స్త్రీల వివాహ, విడాకుల వ్యవస్థను పరిశీలించింది. నృత్యాన్ని సామాజిక వ్యవస్థలో భాగంగా చూడటానికి అటువంటి అధ్యయనాలు దారి వేశాయి. కానీ మానవశాస్త్రం వివాహాన్ని చూసింది, సాహిత్య సేకరణ పదాలను చూసింది. ఈ రెండూ కలిసే చోటు వ్యాకరణం.

జార్జ్ వాన్ డ్రీమ్ 1987లో ప్రకటించిన లింబు వ్యాకరణం ఈ విషయంలో జానపద పరిశోధకులకు కూడా అవసరమైన గ్రంథం. లింబు భాషలో ఏకవచన, బహువచనాలతో పాటు ద్వివచనం ఉంది. ఉత్తమ పురుషలో శ్రోతను కలుపుకొనే రూపం వేరు, మినహాయించే రూపం వేరు. 'ఆంచి' అంటే నువ్వూ నేనూ, మనమిద్దరం. 'ఆంచిగె' అంటే మేమిద్దరం. అందులో నువ్వు లేవు. ఇద్దరికి మించితే 'ఆని', 'ఆనిగె'. క్రియ కూడా ఈ భేదాలను మోస్తుంది. చేతులు కలిపి నిలబడి, ఒకరినొకరు ఇంకా అంగీకరించని ఇద్దరి మధ్య సాగే పాటలో ఇది చిన్న విషయం కాదు. 'ఆంచిగె' అన్న గొంతు ఏ చరణంలో 'ఆంచి' అంటుందో అక్కడ వలపు సంభాషణ మలుపు తిరుగుతుంది. నేపాలీ 'హామీ'లో గాని, ఇంగ్లిష్ 'వి'లో గాని ఆ మలుపు కనిపించదు. ఆ భాషల్లోని అనువాదాన్నే ఆధారం చేసుకొన్న విమర్శకుడు పాలంను ప్రకృతి వర్ణనల వరుసగా చదివితే తప్పు పూర్తిగా అతనిది కాదు.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. 'మనం', 'మేము' అన్న భేదం మనకు పుట్టుకతో వచ్చినది. ద్వివచనం లేకపోయినా 'మనమిద్దరం', 'మేమిద్దరం' ఉన్నాయి. లింబు మూలం నుంచి తెలుగులోకి నేరుగా చేసే అనువాదం ఇంగ్లిష్ మీదుగా వచ్చేదానికంటే ఈ ఒక్క విషయంలోనైనా మూలానికి దగ్గరగా నిలుస్తుంది. అయితే ఇంగ్లిష్ పాఠం నుంచి తెలుగు చేసేవారు 'వి' ఎదురైన ప్రతిచోటా 'మనం' అని రాస్తే నష్టం రెట్టింపవుతుంది. అప్పుడు మొదటి చరణంలోనే ఇద్దరూ ఒకటైపోతారు. పాడటానికి ఇంకేమీ మిగలదు.

రంగస్థలం చేస్తున్నదీ ఇంచుమించు ఇదే. సాంస్కృతికోత్సవాల్లో పాలం కొద్ది నిమిషాల అంశంగా ప్రదర్శితమవుతుంది. ముందే రాసుకొన్న చరణాలు, ముందే కుదిరిన జంటలు. అక్కడ వంశం అడగవలసిన పనిలేదు, ఎదుటివారు బదులివ్వలేకపోతారన్న భయమూ లేదు. బాణీ, వేషం, అడుగు భద్రంగానే ఉన్నాయి, పోయింది సందిగ్ధత. నేపాల్ 2011 జనగణన ప్రకారం లింబుల సంఖ్య సుమారు 3.87 లక్షలు, లింబును మాతృభాషగా నమోదు చేసుకొన్నవారు సుమారు 3.43 లక్షలు. ఈ వ్యత్యాసాన్ని భాషాభిమానులు తరచు ప్రస్తావిస్తారు. పాలంకు కావలసింది భాష వచ్చిన జనాభా మాత్రమే కాదు, అప్పటికప్పుడు బదులు కట్టగలిగిన ఇద్దరు.

కాబట్టి పాలం పాఠాన్ని ముద్రించే సంకలనం ప్రతి చరణం పక్కన ఎవరు పాడారు, వారి వంశమేది, ఎదుటివారి వంశమేది, సర్వనామ రూపమేది అన్నవి నమోదు చేయాలి. బదులు రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా గుర్తించాలి. ముద్రణలో ఖాళీగా కనిపించే ఆ విరామంలోనే ఎదుటి పక్షం 'ఆంచి' అనాలా, 'ఆంచిగె' దగ్గరే ఆగాలా అన్నది తేల్చుకొంటూ ఉంటుంది.