క్లౌ ఆత్మకథలోని ‘నేను’ ఎవరు? – ఒంగోలు మిషన్ కుటుంబ రచనలపై ఒక పరిశీలన

కృష్ణ కుడిగట్టున పెనుమూడి, రేపల్లె మొదలుకొని తెనాలి వరకు విస్తరించిన డెల్టాలో క్రైస్తవ చరిత్ర ప్రధానంగా లూథరన్ మిషన్ చరిత్ర. దానికి ఆరంభం 1842లో హేయర్ గుంటూరు రాక. బాపట్ల దాటి దక్షిణానికి సాగితే అది బాప్టిస్టుల చరిత్రగా మారుతుంది. ఈ రెండు ప్రాంతాలకూ నడుమ కొమ్మమూరు కాలువ ఉంది. డెల్టా నీటిని, పడవలను బాపట్ల వైపుగా తీసుకుపోయి పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలిపేది అదే. 1876-78 నాటి కరువులో ఆ బకింగ్‌హాం కాలువ తవ్వకమే ఒంగోలు బాప్టిస్టు మిషన్‌ను మలుపు తిప్పింది. ఆ మలుపును గురించి రాసేవారు తప్పక తిరగవేసే గ్రంథం 1914లో న్యూయార్కులో వెలువడిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’. ఇది జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథగా ప్రసిద్ధం. అయితే క్లౌ 1910లోనే మరణించాడు. ఆయన కోసం ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అక్షరబద్ధం చేసిన గ్రంథమని ముఖపత్రమే చెబుతుంది. పుస్తకమంతా మాత్రం ‘నేను’ అనే ఉత్తమపురుషలో సాగుతుంది. ఆ ‘నేను’ను క్లౌ సాక్ష్యంగా యథాతథంగా ఉటంకించే పరిశోధకుడు ముఖపత్రాన్ని చదవకుండా దాటిపోతున్నట్లే.

రాసిన చేయి

ఎమ్మా కేవలం లేఖకురాలు కాదు. వివాహానికి ముందే తెలుగు మిషన్‌లో పనిచేసిన ఆమె బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందింది. ఆమె పరిశోధనాంశం మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, స్త్రీ హక్కులు. ఆ గ్రంథం 1898లో అచ్చయింది. స్త్రీకి స్వతంత్ర బుద్ధి ఉన్నదని వాదించిన రచయిత్రిపై పరిశోధన చేసిన విదుషి, పదహారేళ్ల తరువాత తన స్వరాన్ని పూర్తిగా భర్త స్వరంలో కలిపివేసి ఒక బృహద్గ్రంథం రాసింది. దీనిని పాతివ్రత్యమని మెచ్చుకోవడం గానీ పరాధీనత అని కొట్టివేయడం గానీ సులభమే. ఏ విషయాలు క్లౌ జ్ఞాపకం, ఏ విషయాలు ఎమ్మా సామాజికశాస్త్ర దృష్టి అన్న విభజనకు మాత్రం గట్టి శ్రమ కావాలి. గ్రంథనామంలోని ‘సోషల్’ అన్న విశేషణమే ఒక సూచన. అమెరికాలో సామాజిక సువార్త సిద్ధాంతానికి ప్రధాన వ్యాఖ్యాత అయిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఎమ్మా సోదరుడు. మాదిగ పల్లెల్లో దశాబ్దాల కిందట జరిగిన దానికి ఆ పేరు పెట్టడంలో అక్కాతమ్ముళ్ల కాలపు ఆలోచన స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ కుటుంబకథలో మరొక స్త్రీ ఉంది. 1865లో క్లౌతో కలిసి వచ్చిన మొదటి భార్య హారియెట్ 1893లో మరణించింది. గ్రంథంలో ఆమెకు దక్కిన అత్యంత బలమైన సన్నివేశం ఒంగోలు తొలినాళ్లది. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని అగ్రవర్ణులు తేల్చిచెప్పినప్పుడు, భార్యాభర్తలు వేర్వేరు గదుల్లో బైబిలు తెరవగా ఇద్దరి కళ్లకూ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందట. మిషనరీ సాహిత్యంలో దీనిని దైవనిర్దేశానికి నిదర్శనంగా చెప్పుకుంటారు. సాహిత్య విమర్శకు ఇక్కడ కనిపించేది వేరు. ఒక ఉద్యమ స్వభావాన్ని నిర్ణయించిన ఘట్టంలో ఆ నిర్ణయం ఇద్దరిది. దానిని చెప్పే నోరు మాత్రం ఒక్కటే. హారియెట్ పక్షాన ఆ సన్నివేశాన్ని రాసినది, ఆమె తరువాత ఆ ఇంట అడుగుపెట్టిన ఎమ్మా!

1899 నాటి పుస్తకం

ఎమ్మా తన పేరుతో ప్రకటించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ (1899) ఇంతకంటె విలువైన రచన. చెప్పులు కుట్టేవారి ఇళ్లలో వినిపించిన మాతంగి, అరుంధతి గాథలు, గురుసంప్రదాయాలు అందులో చోటు చేసుకున్నాయి. యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో గురువుగా తిరిగినవాడు. ఆయన శిష్యబంధుత్వాల దారుల వెంటనే కొత్త మతం పల్లె నుంచి పల్లెకు పాకింది. అంటే, దొర రాకముందే దారి ఉంది. 1914 గ్రంథంలోనూ పేరయ్య ఉన్నాడు, గౌరవంగానే ఉన్నాడు. కాని అక్కడ ఆయన క్లౌ కథలో ఒక పాత్ర. 1899లో మాదిగల కథలోకి క్లౌ వస్తాడు. ఒకే రచయిత్రి, ఇంచుమించు ఒకే సామగ్రి. కథకుడి స్థానం మారడంతో చరిత్ర కేంద్రమే మారిపోయింది. (మొదటి పుస్తకం ఉపశీర్షికలో మాదిగలను ‘పరయా తెగ’గా పేర్కొనడం మాత్రం ఆ కాలపు దొరల చూపు నుంచి ఎమ్మా కూడా తప్పించుకోలేదనడానికి తార్కాణం.)

కాలువ గట్టు, రెండు కథనాలు

కరువుకాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి గుత్త తీసుకున్నాడు. యౌవనంలో నేర్చిన సర్వేయరు విద్య అందుకు అక్కరకు వచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. తిండి కోసం మతం మారారన్న నింద రాకుండా, కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. ఆపై 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆత్మకథ ఈ సంఖ్య వైపే నడుస్తుంది. ఆ నిలుపుదల నిజాయితీని శంకించనవసరం లేదు. అయితే ‘తిండి కోసమా, విశ్వాసం కోసమా’ అన్న ప్రశ్న మిషన్‌ది, మిషన్‌కు విరాళాలిచ్చే అమెరికన్ పాఠకులది. కూలి దొరికిన చోట మనిషిగా చూడబడటం అనే మూడో కారణానికి ఆ ప్రశ్నలో తావే లేదు.

ఆ మూడో కారణాన్ని కథగా మలచినది జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000). ఎన్నెలదిన్ని విడిచి కరువులో కాలువ పనికి నడిచిన శివయ్య, శశిరేఖలను అక్కడ అగ్రవర్ణ కూలీలు పనిలోకి రానివ్వరు. గట్టు మీద కూడా కులం కాపలా కాస్తుంది. వారిని క్లౌ పనిచేయిస్తున్న చోటికి తీసుకుపోయేది దొర కాదు, మార్టిన్. నవలలో మిషన్ అన్నం పెట్టే చేయిగా కంటె, పార పట్టనిచ్చిన చోటుగా ముందు కనిపిస్తుంది. ఆత్మకథలో గుత్తేదారు కొలిచిన మైళ్లు ఉన్నాయి. నవలలో ఆ మైళ్ల దాకా చేరడానికి పట్టిన నడక ఉంది. రెండింటినీ పక్కపక్కన ఉంచకుండా ఒంగోలు ఉద్యమాన్ని గురించి చెప్పే ఏ తీర్పూ నిలవదు.

నవల కథనరీతిలో మరొక విశేషం ఉంది. ఆ తరాల చరిత్ర మొత్తం రూతు జ్ఞాపకంగా సాగుతుంది. ఆమె రూబేను భార్య. భర్త చెప్పగా విన్నదానిని ఆమె తన జ్ఞాపకంగా, తన పేరుతో, తన గొంతుతో చెబుతుంది. తాను పుట్టకముందటి కాలువ గట్టును సైతం ఆమె తన మాటల్లోనే గుర్తుచేసుకుంటుంది. ఎమ్మాకు 1899లో ఉండి, 1914 నాటికి లేకుండా పోయిన చోటు అది.