వ్యంజనలో ప్రకటన, అభిధలో విధానం: లైంగికారోగ్య దుష్ప్రచారం - తెలుగు భాష

ఆన్‌లైన్‌లో లైంగికారోగ్యంపై వ్యాపించే అసత్యాలను చాలామంది సాంకేతిక సమస్యగా చూస్తారు. మాధ్యమం కొత్తది కనుక చట్టం పాతబడిందని వాదిస్తారు. 1954 నాటి మందులు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టాన్ని చదివితే ఆ వాదన నిలవదు. నోటిమాటగా చేసిన ప్రకటనను, కాంతి, ధ్వని, చివరకు పొగ ద్వారా చేసిన ప్రకటనను సైతం అది తన నిర్వచనంలో చేర్చుకొంది. ఫోను తెరపై నడిచే వీడియో కాంతీ ధ్వనీ కాక మరేమిటి? చిక్కు భాష దగ్గర ఉంది.

ఆ చట్టంలోని 3వ సెక్షన్, లైంగిక సామర్థ్యం పెంచుతాయని సూచించే మందుల ప్రకటనలను కూడా నిషేధించింది. అంటే వ్యంగ్యార్థమూ నేరమే. అయితే చట్టానికి జతచేసిన అనుబంధం వ్యాధుల పేర్ల పట్టిక. తెలుగు ప్రకటన ఆ పేర్లను పలకదు. 'గుప్త సమస్యలు' అంటుంది, 'దాంపత్య సుఖం' అంటుంది. ఆ మాటల అసలు అర్థం ఏమిటో గోడమీది రాత చదివే బాటసారికీ తెలుసు. పదాల జాబితాతో వడపోసే ఏ పద్ధతికైనా ఇదే గతి: అవయవాన్ని దాని పేరుతో పిలిచిన వైద్యుడు పట్టుబడతాడు, ధ్వనిగా చెప్పిన వ్యాపారి దాటిపోతాడు.

'ధాతువు' అన్న మాటనే చూడవచ్చు. ఆయుర్వేదంలో సప్తధాతువుల్లో చివరిది శుక్రం. (వ్యాకరణంలో ఇదే పదం క్రియకు మూలం, ఆ గాంభీర్యమూ ప్రకటనకర్తకు ఉచితంగా దక్కింది.) నలభై రక్తబిందువులు ఒక శుక్రబిందువవుతాయన్న నమ్మకం దీని చుట్టూ అల్లుకొంది. వీర్యనష్టంతో శరీరం క్షీణిస్తుందన్న భయానికి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేరుపెట్టారు. రోగి పడే బాధ నిజం, అతడు నమ్మిన కారణం అబద్ధం. 'తప్పుడు సమాచారాన్ని నమ్మవద్దు' అన్న ప్రభుత్వ హెచ్చరిక ఆ యువకుణ్ణి తాకదు. తాను నమ్ముతున్నది సమాచారమని అతడు అనుకోడు, పెద్దల మాట అనుకొంటాడు. ఆ నమ్మకంతోనే డబ్బు పోగొట్టుకొంటాడు. మధుమేహం వంటి అసలు కారణం ఉంటే అది బయటపడడం ఆలస్యమవుతుంది.

గర్భనిరోధక మందుల ప్రకటనలనూ అదే సెక్షన్ అదే వరుసలో నిలబెట్టింది. అవసరమైన విషయాన్నీ మోసాన్నీ ఒకే సంకోచంతో చూసిన కాలమది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు పాఠశాలల్లో కౌమార విద్యా కార్యక్రమాన్ని అడ్డుకొన్నప్పుడు ఆ సంకోచమే మళ్లీ విధానమైంది.

తెలుగులో ఈ ఖాళీని కొంతైనా పూరించినది వారపత్రిక. 'స్వాతి'లో డా. జి. సమరం ప్రశ్నోత్తర శీర్షిక అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ప్రశ్న పాఠకుడిది కనుక అతని భయం అతని మాటల్లోనే అచ్చుకెక్కే వీలుంది. జవాబు అక్కడినుంచే బయలుదేరాలి. ప్రభుత్వ కరపత్రానికి ఈ సౌలభ్యం లేదు, అది ఎవరూ అడగని ప్రశ్నకు పరిభాషలో జవాబిస్తుంది. ఇటువంటి శీర్షికల గద్యం తెలుగు శాఖల పరిశోధనాంశాల్లో అరుదుగానే కనిపిస్తుంది. గోడరాతల నుంచి, వీడియోల శీర్షికల నుంచి ఈ వ్యంగ్యపదాలను ప్రాంతాలవారీగా సేకరించి కోశంగా కూర్చితే, 3వ సెక్షన్‌లోని 'సూచించే' అన్న మాటను అమలుచేసే అధికారికి తెలుగులో తొలి ఆధారం దొరుకుతుంది.