బొంత సూది పట్టిన చేతులు

గంగిరెద్దు గుమ్మం ముందు ఆగి తల ఊపగానే పిల్లల చూపు దాని కొమ్ముల మీదికి పోతుంది. పెద్దవాళ్ళు బియ్యం తేవడానికి లోపలికి పోతారు. ఎద్దు వీపున పరిచిన బొంతను నిలబడి చూసేవాళ్ళు మాత్రం అరుదు. ఒక్కసారి దగ్గరికి వెళ్ళి చూడాలి దాన్ని. ఎర్రంచు ముక్క పక్కన ఆకుపచ్చ రవిక ముక్క, దాని పక్కన ఎవరి చీరదో జరీ పీలిక, అన్నిటినీ కలుపుతూ తెల్లదారం కుట్లు, అంచుల వెంట గవ్వలు. సంక్రాంతికి ఇంటింటా ఇచ్చిన పాత చీరలూ పంచెలే అవి. మనం వద్దనుకుని ఇచ్చేసిన గుడ్డల్లోంచి అంత శోభ రాబట్టిన చేతికి ఎవరూ శాలువా కప్పలేదు.

తెలుగునాట బొంత కుట్టడం చలికాలపు పని. కోతలయ్యాక ఆడవాళ్ళకు మధ్యాహ్నం కాస్త తీరిక చిక్కేది. ఎండ హాయిగా ఉంటుంది కాబట్టి వాకిట్లోనో డాబా మీదో చీరలు బారుగా పరుచుకోవచ్చు. వానాకాలం అయితే నేల చెమ్మ, వేసవిలో అయితే ఒళ్ళో నాలుగు పొరల గుడ్డ పెట్టుకుని కూర్చోవడం ఎవరి తరం! పైగా కుట్టిన బొంత ఆ రాత్రికే అక్కరకొస్తుంది. కొన్ని ఊళ్ళలో “బొంతలు కుడతామమ్మా” అని కేకేసుకుంటూ వీధి వెంట వచ్చే ఆడవాళ్ళు ఉండేవారు. ఇంటావిడ పాత చీరల మూట తెచ్చి ముందు పడేస్తే, ఆ అరుగు మీదే కూర్చుని సాయంత్రానికి సగం బొంత లేపేవాళ్ళు.

బొంత అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. దూది కూరిన రజాయి వేరు, బొంత వేరు. రజాయి బరువంతా దూదిది, కుట్టు దాన్ని కదలకుండా ఆపడానికే. బొంతలో గుడ్డ మీద గుడ్డ, వాటి మధ్య దారం, అంతే. పొరల నడుమ చిక్కుకున్న గాలే వెచ్చదనం ఇస్తుంది. ఆ గాలిని పట్టి ఉంచేదీ, పొరలు జారకుండా చూసేదీ కుట్టే. అందుకే బొంత మంచిచెడ్డలు కుట్టును చూసి చెప్పాలి, రంగులను చూసి కాదు.

పాత నూలుచీరకు ఇక్కడ ఉన్న విలువ కొత్త గుడ్డకు లేదు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, నేత బిగువుగా ఉంటుంది, సూది దిగడానికి మొరాయిస్తుంది. ఏళ్ళ తరబడి ఉతికిన చీర మెత్తబడి, పోగులు వదులై, నాలుగు పొరలున్నా సూదికి వెన్నలా దారిస్తుంది. దారం లాగినప్పుడు ఆ మెత్తటి గుడ్డ కుట్టు కుట్టుకూ మధ్య చిన్నగా పొంగుతుంది. అరచేత్తో తడిమితే ఇసుక మీద అలలు ఆరినట్టు తగిలేది ఆ పొంగే. మిషను కుట్టుకు ఆ పొంగు రాదు, బిగువు గుడ్డకు అసలే రాదు. కలంకారీ అద్దకం గురించి, ఉప్పాడ నేత గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్ళు ఈ ఒక్క స్పర్శ గురించి ఒక్క వాక్యం రాయకపోవడం అన్యాయం.

పనితనం ఎక్కడుందో చూడాలంటే బొంత పరిచే దగ్గరే మొదలుపెట్టాలి. చీరలన్నీ ఉతికి, గంజి వదిలించి, ఆరేసి, ముడత లేకుండా నేలమీద ఒకదానిమీద ఒకటి పరుస్తారు. చిరుగులు పడ్డవి లోపలికి, రంగు నిలిచినవి పైకి. నాలుగు మూలలా బరువులు పెడతారు, రోకలైనా సరే, బియ్యం డబ్బా అయినా సరే. ఆ తరవాత పెద్ద పెద్ద కచ్చా కుట్లు, అవి నడిమి నుంచి అంచుల వైపుకు. ఇక్కడే తెలియనివాళ్ళు బోల్తా పడతారు. అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తే మిగులు గుడ్డంతా నడుమకు చేరి బుడగలా లేస్తుంది. అసలు కుట్టు మాత్రం పరమ సాదా: సూది పైకి, కిందికి, పైకి, కిందికి. చేయి తిరిగినవాళ్ళు సూదిని ఒకేచోట నిలిపి గుడ్డనే దాని మీదికి మడిచి, నాలుగైదు కుట్లు సూదిమీదికి ఎక్కించుకుని ఒక్క ఊపున దారం లాగేస్తారు. వరస వరసకూ ఎడం వేలెడే. గీత గీసుకోరు, స్కేలు పెట్టరు. ముందు వరసే తరవాతి వరసకు కొలబద్ద.

ఈ కుట్టునే సంచికి దించుకుంటే ఇంట్లో ఎవరైనా చేయొచ్చు, వారం రోజుల మధ్యాహ్నాలు చాలు. పద్నాలుగు అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల ఎత్తు సంచి కావాలనుకుంటే ముక్కలు ఆ కొలతకే కత్తిరించకూడదు. కుట్టేకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుంటుంది కాబట్టి అటూ ఇటూ కనీసం అంగుళం అదనంగా ఉంచి, కుట్టడం పూర్తయ్యాకే అసలు కొలతకు కత్తెర వేయాలి. పైన చీర ముక్క, నడుమ పాత పంచె, లోపల మరో చీర ముక్క. ఇలాంటి పలకలు రెండు కుట్టి, మూడువైపులా కలిపి, లోపలి అతుకులకు చీర అంచును మడతపెట్టి కప్పితే పీచు లేవదు. అడుగు మూలలు రెండింటినీ త్రికోణంలా మడిచి అడ్డంగా ఒక కుట్టు వేస్తే సంచికి అడుగు వస్తుంది, నేలమీద పెడితే కూర్చుంటుంది. పట్టీలకు నూలు నవ్వారుకు మించింది లేదు. నవ్వారు కొసను నలుచదరంగా కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తు వేస్తే ఐదు కిలోల కూరగాయలు వేసినా ఊడిరాదు.

మిషను వాడొచ్చా అంటే, అతుకులకు నిక్షేపంలా వాడొచ్చు, అక్కడ కావలసింది బలం. పదహారో నంబరు సూది వేసుకుని కుట్టు కాస్త పొడుగు పెట్టుకుంటే సరి. ముఖం మాత్రం చేత్తోనే కుట్టాలి. మామూలు మిషనులో కింది పళ్ళు అడుగు గుడ్డను ముందుకు లాగుతాయి, పై పాదం పై గుడ్డను వెనక్కు నొక్కిపెడుతుంది. పొరలు ఒకదాన్నొకటి తప్పించుకుని ముడతలు పడేది అందుకే. దానికి విరుగుడుగా పై గుడ్డను కూడా నడిపించే వాకింగ్ ఫుట్ అమ్ముతారు. ముడతలు పోతాయి, నిజమే. చేతికుట్టు పొంగు మాత్రం దానితోనూ రాదు.

మిగిలిన పీలికలతో టిఫిన్ డబ్బా సంచి, కళ్ళజోడు సంచి, పసిబిడ్డ ఉయ్యాలలోకి చిన్న బొంత. వేడిగిన్నె దింపుకునే గుడ్డ కుట్టేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ప్రతి పొరా, దారంతో సహా, నూలే కావాలి. పాలిస్టర్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది.

ఈ సాదా కుట్టుతో మహానుభావులు ఎంత దూరం పోయారో తెలుసుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కోల్‌కతా దగ్గర జోకాలో గురుసదయ్ మ్యూజియం ఉంది. ఐసీఎస్ అధికారి గురుసదయ్ దత్ బెంగాల్ పల్లెలు తిరిగి సేకరించిన కాంతాలు, అంటే అక్కడి బొంతలు, అందులో ఉన్నాయి. వాటిలో మానదాసుందరీ దాసి తన తండ్రి కోసం కుట్టింది ఒకటి. 19వ శతాబ్దపు ఆ గుడ్డ మీద మనుషులూ జంతువులూ దొరలూ సిపాయిలూ కిక్కిరిసి ఉంటారు. తన పేరునూ తండ్రికి అంకితాన్నీ కూడా ఆమె దారంతోనే రాసుకుంది. కాంతాల్లో దోరుఖా అని ఒక రకం ఉంది, ఏ వైపు తిప్పినా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది, మంచి వైపేదో చెడ్డ వైపేదో చెప్పలేం. మన దగ్గర తిరగేసి చూస్తే ముడులే కనిపించే ఎంబ్రాయిడరీ చీరలకు వేలు పోసి కొంటున్నారు!

ఆ బెంగాల్ నుంచే కాంతా పని నేర్పిన ప్రీతికణా గోస్వామికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బీహార్‌లో ముజఫర్‌పూర్ జిల్లా భూసురా గ్రామపు సుజనీ కుట్టుకు నిర్మలా దేవి 2025లో అదే గౌరవం తెచ్చారు. సుజనీ కూడా పుట్టుకతో పసిబిడ్డల బొంతే. ఇక కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవి ఊళ్ళలో సిద్దీ మహిళల కవంది బొంత చూడాలి. ఆఫ్రికా మూలాలున్న ఈ సిద్దీలు బొంతను నడిమి నుంచి కుట్టరు. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, ఒక్కో ముక్కను మడిచి ఆనించి కుట్టుకుంటూ నడుమ ముగిస్తారు. ఇందాక చెప్పిన సూత్రానికి నిలువునా ఎదురు ఇది. అయినా బుడగ లేవదు. ముక్క వెనక ముక్కను అప్పటికప్పుడే పొరలన్నిటికీ కలిపి కుట్టేస్తారు కాబట్టి మిగులు గుడ్డ అనేదే పోగుపడదు. నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న త్రికోణాలు బయటికి తొంగిచూస్తాయి. వాళ్ళ మాటలో అవి ఫూల, పువ్వులు. అవి లేకపోతే బొంత బోసిపోయినట్టే వాళ్ళకు.

అమెరికాలో అలబామా నది వంపులో గీస్ బెండ్ అనే ఊరుంది. బానిసలుగా తెచ్చిన నల్లజాతివారి సంతతి అక్కడిది. చలిగాలి చొరబడే ఇళ్ళలో పిల్లలను కప్పడానికి ఆ ఊరి ఆడవాళ్ళు పనిబట్టల పీలికలతో బొంతలు కుట్టారు. మిస్సౌరీ పెట్వే అనే ఆమె భర్త చనిపోయాక ఆయన పొలంలో వేసుకున్న బట్టలతోనే 1942లో ఒక బొంత కుట్టింది. ఆయన జ్ఞాపకాన్నే కప్పుకుని పడుకోవాలని! మోకాళ్ళ దగ్గర వెలిసిన నీలం రంగు ఆ బొంతలో అలాగే ఉంది. 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఆ ఊరి బొంతలను గోడలకెక్కించింది. 2006లో అమెరికా తపాలా శాఖ పది స్టాంపులు వేసింది. మన బొంత మీద ఒక్క స్టాంపైనా రావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

మనకు గొప్పలు లేక కాదు. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన అద్దకం గుడ్డలను యూరప్ వాళ్ళు పొరలు వేసి కుట్టించుకుని పరుపుల మీద పరుచుకున్నారు, లంగాలుగా తొడుక్కున్నారు. ఆ మోజుకు తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టింది, ఇంగ్లండ్ 1721లో మరింత బిగించింది. చరిత్ర సంగతి ఇంతటితో చాలు, మన తండాల సంగతి ఉంది ఇంకా.

లంబాడీ ఆడవాళ్ళ కుట్టు తెలంగాణ, రాయలసీమ తండాల్లో ఈనాటికీ కళ్ళెదుటే ఉంది, చూసేవాళ్ళకు. వాళ్ళ సంచి ఒక్కటి చేతిలోకి తీసుకుంటే చాలు. పొరలు వేసిన ముతక నూలుగుడ్డ, దాని మీద సందు లేకుండా దారం, నడుమ అద్దం, అంచున గవ్వ, కొసన కుచ్చు. బిందె కింద పెట్టుకునే చుట్టకుదురుకు కూడా వెనక వేలాడే కుట్టుపని పలక ఒకటి తగిలిస్తారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపీలో జీ20 సాంస్కృతిక సమావేశం సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టారు. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగిలో అయితే ఈ కుట్టు దాదాపు అంతరించింది. మిగిలిన ఇద్దరు పెద్దవాళ్ళను పట్టుకుని మిగతా ఆడవాళ్ళు మళ్ళీ నేర్చుకున్నారు. తమ సంస్థకు పోర్గాయ్ అని పేరు పెట్టుకున్నారు, లంబాడీలో గర్వం అని అర్థం. అక్కడ ఇద్దరి దగ్గర్నుంచి ఒక ఊరు లేచి నిలబడితే, వందల తండాలున్న తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో తండాకు ఒక్క అవ్వ దగ్గరైనా కూర్చుని నేర్చుకునే పిల్లలను చూపించలేమా?

మరి బజారులో ఏం అమ్ముతున్నారు? కాంతా వర్క్ అని బోర్డు పెట్టి, కుట్టులా కనిపించే చుక్కల గీతలు అచ్చువేసిన గుడ్డ. తిరగేస్తే కుట్టే ఉండదు! అతుకుల బొంత డిజైను అని ఒకే గుడ్డ మీద ముక్కలు ముక్కలుగా ముద్రించిన దుప్పటి. అందులో అతుకూ లేదు, బొంతా లేదు. లోపల పలచటి స్పాంజి పెట్టి మిషను మీద గళ్ళు కొట్టిన సంచి రెండు నెలలకే పొడిపొడిగా రాలుతుంది. చవకగా కొనుక్కునేవాళ్ళను తప్పుపట్టడం లేదు, చలికి కప్పుకోవాల్సిందే ఎవరైనా. చేతిపని కానిదాన్ని చేతిపని పేరుతో అమ్మడమే మోసం. 1990ల మొదట్లో స్మిత్‌సోనియన్ మ్యూజియం తన దగ్గరున్న పాత బొంతల నమూనాలను చైనాలో కుట్టించి అమ్మడానికి అనుమతిస్తే అమెరికా బొంతల వాళ్ళు 1992లో ఊరుకోలేదు, సంతకాలు సేకరించి నిరసనకు దిగారు. మనవాళ్ళకు ఆ కోపం రావాలి. పండగ సంబరాల్లో హస్తకళల స్టాలు పెట్టేవాళ్ళు అచ్చుగుడ్డను ఆ బల్ల మీదికి ఎక్కనివ్వకూడదు.

కొనేవాళ్ళ చేతిలో ఉన్న పరీక్ష తేలిక. సంచిని తిరగేసి వెనకవైపు చూడాలి. చేతికుట్టు అయితే వెనక కుట్లు ముందున్నంత పొడవే ఉండవు, అక్కడక్కడ ఒకటి పొట్టిదై, ఒకటి పక్కకు జరిగి ఉంటుంది. వేలితో నిమిరితే పొంగు తగలాలి. ధర అడిగే ముందు ఎన్ని రోజులు పట్టిందని అడగాలి. వారం పట్టిందంటే వారం కూలీ ఇవ్వాలి, బేరం ఆడకూడదు.

ఇళ్ళల్లో బీరువా అడుగున అమ్మమ్మ చీరలు ఉంటాయి, పాత సామాను వాడికి వేయబుద్ధికాక, కట్టుకోవడానికి పనికిరాక. ఈ ధనుర్మాసంలో వాటిని తీసి ఎండ చూపించాలి. మెత్తబడినవి ఏరి, గట్టిగా ఉన్న అంచులు విడిగా కత్తిరించి పెట్టుకోవాలి, అవి సంచి మూతికి పనికొస్తాయి. కుట్టడం అయిపోయాక లోపలివైపు ఒక మూల మానదాసుందరిలాగే దారంతో పేరు కుట్టాలి: చీర ఎవరిదో, కుట్టింది ఎవరో, ఏ సంవత్సరమో. అక్షరాలు వంకర పోయినా పరవాలేదు.