అప్పుతచ్చు పనితనం

అచ్చుతప్పుకి మనవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘అప్పుతచ్చు’. చెయ్యి తిరిగినవాడి పని అది.

దగ్గరగా చూడండి. అ, చ్చు, త, ప్పు: నాలుగే అక్షరాలు. రెండోదీ నాలుగోదీ ద్విత్వాలు, రెండింటికీ కొమ్మే. కాబట్టి వాటిని తారుమారు చేసినా మాట నడక చెడదు. చెవి ఓ క్షణం మోసపోయి, ఆ తర్వాత నవ్వుకుంటుంది. కంపోజింగులో దొర్లాల్సిన పొరపాటు దాని పేరులోనే దొర్లింది! పైగా ముందు సగం ‘అప్పు’గా తేలింది. పత్రిక నడిపినవాళ్లకి అదేం కొత్త మాట కాదు.

అసలు మాట కూడా తక్కువదేం కాదు. ‘అచ్చుగుద్దినట్టు’ అంటే రవ్వంత తేడా లేకుండా అని. అంత నిక్కచ్చి మాటకి ‘తప్పు’ని ముడేశారు. ఆ తప్పేమో ఎప్పుడూ నేరమే కానక్కర్లేదు. దారి తప్పుతాం, గురి తప్పుతుంది, తాళం తప్పుతుంది. ఉండాల్సిన చోట లేకపోవడమే తప్పు. చ్చు, ప్పు చేసిన పనీ అదే.

ధ్వనులు చోటు మారడం మన భాషకి పుట్టుకతో వచ్చిన గుణం. తమిళంలో ‘ఇరండు’ అంటే మనం ‘రెండు’ అన్నాం, వాళ్ల ‘ఉరల్’ మనకు ‘రోలు’ అయింది. దీన్ని వ్యాకర్తలు వర్ణవ్యత్యయం అంటారు. వందల ఏళ్లు వాడితే వ్యత్యయం, నిన్న రాత్రి ప్రెస్సులో జరిగితే తప్పు.

అచ్చుతప్పుకే ‘ముద్రారాక్షసం’ అనే పెద్దమనిషి పేరు కూడా ఉంది. విశాఖదత్తుడి నాటకంలో ముద్ర అంటే ఉంగరం, రాక్షసుడు నందుల మంత్రి. ఆ ఉంగరంతో ముద్ర వేయించిన దొంగ ఉత్తరంతోనే చాణక్యుడు అతన్ని ఒంటరివాణ్ణి చేస్తాడు. మనవాళ్లు ఒక్క అక్షరం కదపకుండా ముద్రని ముద్రణ చేశారు, మంత్రిని నిజంగానే రాక్షసుణ్ణి చేశారు. గొప్ప శ్లేషే, కాదనను. కానీ దాన్ని ఆనందించాలంటే నాటకం పేరైనా వినుండాలి. అప్పుతచ్చుకి అక్షరాలొస్తే చాలు. నా ఓటు దానికే.

ఈ రాక్షసుడికి ఒక్కోసారి చుక్క చాలు. ‘అర్థం’లోని థకారం కడుపులో చుక్క ఎగిరిపోతే అది ‘అర్ధం’. అంటే సగం. వాక్యంలో అర్థం సగమైందని అక్షరమే ఒప్పుకుంటుంది.

ఓసారి ఒక సంచికకి ఈ అప్పుతచ్చు మీదే చిన్న వ్యాసం రాసిచ్చాను. ప్రూఫు తిరిగొచ్చింది. దిద్దినాయన శ్రద్ధగలవాడు. ‘అప్పుతచ్చు’ అన్న ప్రతిచోటా ఎర్రసిరాతో కొట్టేసి ‘అచ్చుతప్పు’ అని రాశాడు. వ్యాసంలో ఒక్క తప్పూ లేదు, వ్యాసమూ లేదు. నేను మళ్లీ అన్నీ కొట్టేసి, పక్కన పెద్దక్షరాలతో ‘ఉన్నదున్నట్టు వేయండి’ అని రాసి పంపాను.

సంచిక చేతికొచ్చింది. శీర్షికలో ‘అచ్చుతచ్చు’ అని పడింది.