దూలం వంగకూడదు, రేకు వంగాలి

నాలుగడుగుల పొడవున్న 16 గేజ్ ఇనుప రేకును సుత్తితో మడవడం చూస్తే ఆ పనిలో చిక్కు తెలిసిపోతుంది. రైలు పట్టా ముక్క మీద రేకు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుంటూ పోతారు. మడత పడుతుంది. కానీ దెబ్బ పడ్డచోటల్లా రేకు సాగి, అంచు పాము నడకలా తయారవుతుంది. తలుపు చట్రానికి పెట్టి చూస్తే ఒక మూల కూర్చుంటే ఇంకో మూల లేస్తుంది.

బోధన్ చుట్టుపక్కల రేకు పనికి మొదట ఆదరువైంది చెరకే. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువల కింద చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెంట శక్కర్‌నగర్ వెలిసింది. చక్కెర మిల్లు నిండా రేకు పనే: రసం తొట్లు, పొగ గొట్టాలు, కన్వేయర్ మూతలు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి లే ఆఫ్ పడింది. మడతల అవసరం మాత్రం పోలేదు. ట్రాక్టర్ ట్రాలీలు, బీరువాలు, ఎండాకాలం కూలర్ బాడీలు, ఆర్మూర్ వైపు పసుపు ఉడికించే తొట్లు, అన్నిటికీ తిన్నని అంచు కావాలి.

రేకును తిన్నగా మడిచే యంత్రం ప్రెస్ బ్రేక్. కంపెనీది కొనే స్తోమత లేని వెల్డింగ్ షాపు దాన్ని సొంతంగా కట్టుకోవచ్చు. రెండు నిలువు ఛానళ్లు, పైన ఒకటి, కింద ఒకటి అడ్డ దూలాలు. కింది దూలం మీద గాడి, అంటే వి-డై. దానిపైన స్ప్రింగులకు వేలాడే కదిలే దూలం, దాని అడుగున కత్తిలాంటి పంచ్. కదిలే దూలం మీద లారీ బాటిల్ జాకీని నిలువుగా కూర్చోబెడితే అది పై దూలాన్ని తన్ని పంచ్‌ను కిందికి దింపుతుంది. జాకీని తలకిందులు చేయడం మాత్రం తప్పు. చాలా జాకీల్లో అప్పుడు పంపుకు నూనె అందదు.

బలం లెక్క పెద్ద కష్టమేమీ కాదు. గాడి వెడల్పు రేకు మందానికి ఎనిమిది రెట్లు పెట్టుకోవడం వాడుక. 16 గేజ్, అంటే 1.6 మి.మీ. రేకుకు సుమారు 13 మి.మీ. గాడి. ఆ గాడిలో నాలుగడుగుల మెత్తని ఇనుప రేకు మడవడానికి దాదాపు 14 టన్నులు చాలు, 20 టన్నుల జాకీ సరిపోతుంది. అదే గాడిలో రెట్టింపు మందం పెడితే మాత్రం నాలుగింతలు అడుగుతుంది.

అసలు పరీక్ష దూలానిది. జాకీ నడుమ నొక్కుతుంది కాబట్టి కదిలే దూలం నడుమ దిగి చివర్లు వెనకబడతాయి. రేకు మధ్యలో 90 డిగ్రీలు పడి, అంచుల్లో 95 దగ్గరే ఆగిపోతుంది. దూలం మందం పెంచితే తీరుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కావలసింది ఎత్తు. ఇనుప పట్టీని నిలబెట్టి దాని ఎత్తు రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే రెండు రెట్లే. ఇంకా తేడా ఉంటే చివర్లలో డై కింద పల్చటి రేకు ముక్కలు దూర్చి సరిచేస్తారు. ఓపిక పని.

కొలతలోనూ ఒక మెలిక ఉంది. బయటి కొలతలు 40, 100, 40 మి.మీ. ఉండే ఛానల్‌కు 180 మి.మీ. రేకు కోస్తే ఎక్కువైపోతుంది. వంపు దగ్గర కొంత కలిసిపోతుంది కాబట్టి ఈ రేకుకు 174 చాలు. పైగా ఇనుముకు తిరిగి లేచే గుణం ఉంది. 90 కావాలంటే 88కి నొక్కాలి. ఎంత లేస్తుందో ఒక తుక్కు ముక్క మీద చూసుకోవాల్సిందే.

మొదటి మడత అయ్యాక జాకీ వాల్వ్ వదిలితే స్ప్రింగులు దూలాన్ని పైకి లాగుతాయి. రేకు తీసి మూడు చోట్ల గుణియా పెట్టి చూస్తారు: ఈ చివర, నడుమ, ఆ చివర.