కయ్యలంటే కయ్యాలా?

పోపులపెట్టె వాడే ఇల్లాలికి విషయసూచిక అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కరలేదు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా ఆవాలు ఆవాలే వస్తాయి, మెంతులు మెంతులే వస్తాయి. దాచుకోవడం అందరికీ చేతనవును. అవసరానికి అందేలా దాచడంలోనే ఉంది నేర్పంతా.

ఇప్పుడా పని నేను చేసిపెడతానంటూ ఏఐ వచ్చింది. రాసుకున్న నోట్సులు, కత్తిరించి దాచిన కాగితాల ఫొటోలు, పద్దుల పుస్తకం, అన్నీ దానికి అప్పగించి, "చేపల పులుసు గురించి ఎక్కడెక్కడ ఏం రాశానో చెప్పు" అంటే చాలు, ఏరి ముందు పెడుతుంది. కొన్నయితే ఏ కాగితంలోంచి తీశాయో కూడా చూపిస్తాయి. సంతోషమే. కానీ రుచి చూడకుండానే వంటను మెచ్చుకోవడం మన పద్ధతి కాదు గదా!

దీని విలువ తెలియాలంటే మన జిల్లా పుస్తకమే ఒకటి తీసుకుందాం. అలాన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగిరేకుల, శిలల మీది శాసనాలను 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. చరిత్రకారులకు ఈనాటికీ అది ఆధారగ్రంథమే. బటర్‌వర్త్ సివిల్ సర్వీసు అధికారి. పాలించేవారి కంటికి ముందు తాలూకా కనబడటం సహజం. శిలాశాసనాలు తాలూకాల వారీగానే ఉన్నాయి: ఆత్మకూరు, గూడూరు, కావలి, ఇలాగ. ఊరు తెలిసినవాళ్లకు అది రాజమార్గం. కానీ "గుడిలో దీపం పెట్టించిన ఆడవాళ్లెవరు?" అనుకునే మనిషికి తాలూకాల వరస దారి చూపదు. పైగా కృష్ణపట్నం వంటి చోట్ల తమిళ శాసనాలున్నాయి. తమిళంలో దీపం 'విళక్కు' అవుతుంది. ఒక్క మాటే పట్టుకుని వెదికితే ఒకటి దొరికి, ఇంకొకటి జారిపోతుంది.

ఏఐ ఇక్కడే ఆదుకుంటుంది. చాలావాటి పద్ధతి ఏమిటంటే, రాతను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క భావాన్ని అంకెల వరసగా మార్చి పెట్టుకుంటాయి. మన ప్రశ్ననూ అలాగే మార్చి, దానికి దగ్గరగా ఉన్న ముక్కలు కొన్నింటిని బయటికి లాగి, వాటిని చూసి జవాబు అల్లుతాయి. అందుకే దీపమని అడిగితే విళక్కు కూడా పలికే వీలుంది. ఈ గుణాన్ని మెచ్చుకోక తప్పదు.

'కొన్నింటిని' అన్నానే, మొదటి చిక్కు అక్కడే. "మొత్తం ఎన్ని?" అని అడిగితే, పైకి లాగిన నాలుగు ముక్కల్లో ఉన్నవి లెక్కపెట్టి అదే మొత్తమని చెప్పే ప్రమాదం ఉంది. మైపాడు ఒడ్డున వల లాగిన మనిషి పడిన చేపలు చూపిస్తాడే గాని, సముద్రంలో ఉన్నవన్నీ ఇవేనని అనడు. ఇది అనేస్తుంది. అదీ ఎంతో మర్యాదగా!

రెండోది, మాట తెలియకపోవడం. మా నెల్లూరు వైపు వరిమడిని కయ్య అంటాం. మా పెద్దమ్మ పద్దుల పుస్తకం ఫొటోలు తీసి ఒక ఏఐకి ఇచ్చి, కయ్యల సంగతి చెప్పమన్నాను. పెద్దమ్మకు ఎవరెవరితోనో తగవులున్నట్టు వివరించింది. జన్మలో గట్టిగా నోరెత్తని మనిషి కాస్తా పోట్లాటల పెద్దమ్మ అయి కూర్చుంది!

మూడోది లోపమనాలో, హద్దు అనాలో. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను గురించి అడిగాను. ఏమీ రాయలేదంది. పుస్తకం తెరిచి చూస్తే, రోజూ ఉండే పాల పద్దు, కూరల పద్దు ఆ నెలలో నాలుగు రోజులు లేవు. తర్వాత ఒక్క వరస: "బియ్యం తడిసినవి. పక్కింటి పిల్లలకు కూడా వండినాను." తుఫాను అన్న మాటే లేదు. ఆ రాయని నాలుగు రోజులే తుఫాను.

మన పెద్దవాళ్ల పుస్తకాల్లో ఇలాంటివే ఎక్కువ. కష్టానికి శీర్షిక పెట్టుకునే అలవాటు వాళ్లకు లేదు. బెంగ చాకలి పద్దు పక్కన ఉంటుంది, అప్పు పసుపు కుంకుమల లెక్కలో కలిసిపోతుంది. విషయం అనేది చాలాసార్లు రాసినవాళ్ల కాగితంలో ఉండదు, అడిగేవాళ్ల మనసులో పుడుతుంది. శీర్షిక పెట్టడమంటే సగం తీర్పు చెప్పడమే. ఆ తీర్పు తాలూకా లెక్కన చెప్పినా, అంకెల లెక్కన చెప్పినా, తీర్పు తీర్పే.

అందుచేత ఏఐని ఇంట్లోకి రానివ్వవచ్చు గాని, బీరువా తాళాలు అప్పగించకూడదు. రాసుకునేటప్పుడు తేదీ, ఊరు పైన వేసుకోండి. వెదికేటప్పుడు ఒకటే మాట కాక, మన ఊరి మాటా, పుస్తకం మాటా రెండూ వాడండి. డబ్బు సంగతులు, ఇంటి గుట్టు అందులో పెట్టేముందు అవి ఎవరి చేతికి పోతాయో కనుక్కోండి. అది చూపిన కాగితాన్ని స్వయంగా తెరిచి చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫొటోలు తీశాం గదా అని పాత పుస్తకాలు తూకానికి వెయ్యకండి.

తెరిచినప్పుడు పక్క పేజీ కూడా ఓసారి చదవండి. మనకు అడగాలని తోచని సంగతి అక్కడ ఉండవచ్చు.