దంచితే ఒక లెక్క, నమిలితే ఒక లెక్క

శ్రావణంలో నాగుల చవితి వచ్చిందంటే హిందూపురం, పెనుకొండ వైపు పుట్టకు పెట్టే నైవేద్యంలో నిప్పు తగిలిన వస్తువు ఉండదు. నానిన బియ్యం దంచి బెల్లం కలిపిన పచ్చి చలిమిడి, నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి నూనె తేలేదాకా దంచిన చిమ్మిలి, నానిన పెసరపప్పు, నానిన శనగలు, కొబ్బరి. శ్రీరామనవమికి వడపప్పు, పానకం. కర్ణాటక పక్కనే కాబట్టి పెళ్లి విస్తట్లో కోసంబరి. పచ్చిగా తినడం ఈ సీమకు ఎవరో వచ్చి నేర్పింది కాదు. కొత్తగా వచ్చింది మూడు పూటలా అదే తినాలన్న పట్టుదల, దాని వెనకే ఇంట్లోకి వచ్చిన బరువు మిషను.

ఆ మిషను చెప్పే కథ ఊరూరా ఒకటే. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గుతారు. వీధి వీధంతా తెలిసిపోతుంది. మూడో వారానికి ముల్లు కదలదు. ఏ పెళ్లికో వెళ్లి ఒక పూట అన్నం, పప్పు, ఊరగాయ తినొస్తే మర్నాటికి కిలోన్నర పెరిగి కూర్చుంటుంది. ఒక్క పూటకే ఇంత ఒళ్లొచ్చిందా అని బెంగ. అదేమీ ఒళ్లు కాదు. కిలో కొవ్వు చేరాలంటే ఖర్చు పోను సుమారు 7,700 కేలరీలు మిగలాలి. ఎంత ఘనమైన పెళ్లయినా ఒక విస్తట్లో అంత పట్టదు. వచ్చింది నీళ్లు. మొదటి వారంలో పోయిందీ చాలావరకు అవే.

మన కాలేయం, కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటాయి. పెద్దవాళ్లలో ఆ నిల్వ 400 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది, గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకునే ఉంటుంది. సంగటీ అన్నమూ మానగానే ఆ నిల్వ కరుగుతుంది, నీరూ దాని వెంటే పోతుంది. పైగా పచ్చి తిండి మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉప్పు కూడా మానేస్తారు. తెలుగునాట మంతెన సత్యనారాయణ రాజు గారి ప్రచారంతో ఉప్పూ నూనే లేని మొలకలు, కూరగాయల రసాలు ఎన్నో వంటిళ్లలోకి వచ్చాయి. ఉప్పు తగ్గితే ఒంట్లో నీరు ఇంకాస్త తగ్గుతుంది. ఇంకోవైపు, పొట్టనిండా పీచు తిన్న రోజు ఆ పీచు పట్టుకున్న నీటితో ముల్లు పైకి పోతుంది. కాబట్టి మొదటి రెండు వారాల అంకె చూసి మురిసిపోనక్కర్లేదు, ఆ తర్వాత ఒకరోజు పెరిగిందని కుంగిపోనూ అక్కర్లేదు.

చూసుకునే పద్ధతి ఒకటుంది. నిద్ర లేచి, కాలకృత్యం అయ్యాక, ఇంకా నీళ్లు తాగకముందు బరువు చూడాలి. ఏడు రోజుల అంకెలూ రాసిపెట్టి సగటు తీసి, వారం సగటును వారం సగటుతోనే పోల్చాలి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు మారే కుర్రాళ్లకు పొద్దున్న అనేది వారానికో వేళకు వస్తుంది. వాళ్లు గడియారాన్ని వదిలేసి, నిద్ర లేచిన క్షణాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఆడవాళ్లకు నెలసరి ముందు కిలో దాకా నీరు చేరడం మామూలే. కిందటి నెల అవే రోజుల అంకెతో పోల్చుకుంటే సగం దిగులు తగ్గుతుంది.

ఇక అసలు కొవ్వు, కండ సంగతి. ఇక్కడే చెనక్కాయ, అదే వేరుశనగ, వస్తుంది. వంద గ్రాముల పచ్చి చెనక్కాయ విత్తనాల్లో దాదాపు 567 కేలరీలు, 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అదే వంద గ్రాముల పెసర మొలకల్లో సుమారు 30 కేలరీలు, కీరదోసలో 15. అంటే రెండు కిలోల కీరదోస తిన్నా 300 దాటదు. బేసినెడు ముక్కలు తిని నీరసంగా ఉందనేవాళ్లూ, పచ్చివే కదా అని టీవీ ముందు చెనక్కాయలు నముల్తూ బరువు పెరిగానని వాపోయేవాళ్లూ ఈ ఒక్క లెక్క దగ్గరే తప్పిపోతున్నారు. పచ్చి తిండిలో బరువును నడిపేది ఆకులూ ముక్కలూ కాదు, గుప్పెడు గింజలు.

ఆ గుప్పెడు కూడా ఎలా తిన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న పరీక్ష అచ్చయింది. చెనక్కాయ విత్తనాలను అలాగే నమిలి తిన్నవాళ్లలో తిన్న కొవ్వులో 18 శాతం దాకా ఒంటికి పట్టకుండా విసర్జనలో పోయింది. అవే విత్తనాలు మెత్తగా నూరిన ముద్దగా తింటే పోయింది 7 శాతమే. పళ్లు ఎంత నమిలినా గింజలోని గోడలన్నీ పగలవు. పగలని అరలో ఉన్న నూనె పేగుకు అందదు. రోకలి ఆ గోడలను పగలగొడుతుంది, నిప్పు ఇంకా మెత్తబరుస్తుంది. 2015లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన పనిలో, వండిన వేరుశనగ తిన్నవాటికి పచ్చివి తిన్నవాటికంటే ఎక్కువ శక్తి అందిందని తేలింది.

చిమ్మిలి దంచే అమ్మకు ఈ పత్రికలతో పనిలేదు. ఆమె చేతి పనిలో ఉన్న విద్య మాత్రం అదే. బరువు తగ్గాలనుకునేవాళ్లు రాత్రి నానేసిన విత్తనాలను పొట్టుతో సహా, గుప్పెడికి మించకుండా, పొద్దున నమిలి తినాలి. మరీ తగ్గిపోతున్నవాళ్లు అదే గుప్పెడును బెల్లంతో దంచుకోవాలి, కొబ్బరి తురిమి గుడ్డలో పిండిన పాలు కలుపుకోవాలి. సరుకు మార్చకుండా రోలుతోనే బరువును ఇటూ అటూ జరుపుకోవచ్చు.

ఏరుకునే పని మాత్రం బద్ధకించకూడదు. ఈ సీమలోనే ఉన్న కదిరి పరిశోధన కేంద్రం కదిరి లేపాక్షి వంటి చెనక్కాయ రకాలు ఇచ్చింది కానీ, కాయ ఊరే రోజుల్లో వాన ముఖం చాటేస్తే ఏ రకానికైనా అఫ్లాటాక్సిన్ విషం పుట్టించే బూజు పట్టొచ్చు. ముడతలు పడ్డవి, రంగు మారినవి, చేదు తగిలినవి పారేయాల్సిందే. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు.

పచ్చి తిండి చరిత్రలో మనకో పెద్ద సాక్ష్యం ఉంది. 1929 ఆంధ్ర పర్యటనలో గాంధీజీకి రాజమండ్రిలో ప్రకృతి వైద్యుడు సుందరం గోపాలరావు తారసపడ్డారు. నిప్పు తగలని తిండి గొప్పతనం చెప్పి ఆయన్ను ఒప్పించారు. ఆ మే నెలలోనే గాంధీజీ ప్రయోగం మొదలుపెట్టి, జూన్‌లో యంగ్ ఇండియాలో కొలతలతో సహా రాశారు: రోజుకు ఎనిమిది తులాల గోధుమ మొలకలు, ఎనిమిది తులాల బాదం ముద్ద, ఎనిమిది తులాల నూరిన ఆకు, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. తులం పదకొండున్నర గ్రాముల పైచిలుకు. ఇవాళ్టి పట్టికలతో లెక్కేస్తే ఇదంతా సుమారు వెయ్యి కేలరీలకు వస్తుంది. అరవై ఏళ్లకు దగ్గరపడి, ఊరూరా తిరిగే మనిషికి అది చాలదు. ఆగస్టుకల్లా జిగట విరేచనాలు పట్టుకుని ఆయన ప్రయోగం ఆపి మళ్లీ మేకపాలకు వచ్చారు. బాదాన్ని నూరి తినడంలో తప్పులేదు. తక్కువైంది కొలతే అనిపిస్తుంది నాకు.

మొలకల పద్ధతి కూడా ఆయన రాశారు: ఇరవై నాలుగు గంటలు నానబెట్టి, తడి ఖద్దరు గుడ్డలో రాత్రంతా ఉంచమని. మన ఎండాకాలంలో అంతసేపు నీళ్లలో ఉంచితే పులిసిపోతుంది. పెసలకు ఏడెనిమిది గంటలు చాలు. నీళ్లు వంపేసి, మూట కట్టి, కుండ మూతి మీద వేలాడదీయాలి. ఈ పొడి గాలికి గుడ్డ ఇట్టే ఆరిపోతుంది కాబట్టి పూటకోసారి నీళ్లు చిలకరించాలి. జిగురొచ్చినా వాసనొచ్చినా గేదె కుడితిలోకే. ఉలవలు, అలసందల మొలకలను ఆవిరికి పెట్టుకోవడమే మంచిది. రాజ్మా, సోయా పచ్చిగా తినకూడదు. రాగిపిండిని ఉడికించకుండా తిని లాభం లేదు. పచ్చి పిండిపదార్థాన్ని పేగు సరిగా అరిగించలేదు.

పూర్తిగా పచ్చి తిండి మీదే ఏళ్ల తరబడి ఉంటే ఏమవుతుందో జర్మనీలో గీసెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఐదొందల మందికి పైగా అడిగి 1999లో ప్రచురించారు. సగటున మగవాళ్లు పదికిలోల దాకా, ఆడవాళ్లు పన్నెండు కిలోలు తగ్గారు. ఆడవాళ్లలో నాలుగో వంతు ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువుకు జారారు. నలభై అయిదు లోపు ఆడవాళ్లలో ముప్పై శాతం మందికి నెలసరి గాడి తప్పింది, కొందరికి ఆగిపోయింది. ధర్మవరంలో రోజంతా గుంట మగ్గం మీద కూర్చుని తొక్కుడు చెక్కలు తొక్కే మనిషికి పొట్ట తగ్గడం మేలే కావచ్చు, కండ కరిగితే మాత్రం మగ్గం నడవదు. అందుకే నా ఓటు ఒక పూటకే: పొద్దున పచ్చిది, మధ్యాహ్నం సంగటీ పప్పూ, చివర మజ్జిగ. బి12 విటమిన్ ఆకుల్లో, గింజల్లో దొరకదు కనుక శాకాహారులకు పాలు, పెరుగు, మజ్జిగే దిక్కు.

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం మానితే చక్కెర పడిపోవచ్చు. డాక్టరుతో మాట్లాడి మోతాదు సవరించుకున్నాకే మొదలుపెట్టాలి. మే నెల ఎండలో కూలికి వెళ్లేవాళ్లు ఉప్పు పూర్తిగా మానే ఆలోచనే పెట్టుకోకూడదు. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు దీని జోలికి రావద్దు. మిగతావాళ్లకు ఆగాల్సిన గీత ఒకటుంది: 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 47 కిలోల దగ్గర. వారం సగటు అటువైపు జారుతున్నా, నెలసరి ఒక నెల తప్పినా, జుట్టు దువ్వెనకు ఎక్కువగా వస్తున్నా, పొద్దుటి గింజలను దంచుకోవడంతో సరిపెట్టకుండా రాత్రికి కూడా వండిందే తినాలి.